నొచ్చుకునే ఓర్పరి

2074 నాటికి తెనాలిలో చీర కావాలంటే కిటికీ తెరిస్తే చాలు. ఎక్కడో గిడ్డంగిలో నేసిన చీరను, దానికి తగ్గ జాకెట్టుతో సహా, డ్రోన్ తెచ్చి ఒళ్ళో పడేస్తుంది. అలాంటి రోజుల్లో కూడా వర్షిణి మ్యాచింగ్ సెంటర్ నడుస్తోంది. నడుస్తోంది అనడం మర్యాద కోసమే, నిజానికి ఈడుస్తోంది. అరవై దాటిన వర్షిణమ్మ మోకాళ్ళు నిచ్చెన ఎక్కనంటున్నాయి. ఎక్కకపోతే పై అరలోని జాకెట్టు ముక్కలు కిందికి దిగవు.

ఇలాంటి చిన్న కొట్లను బతికించడానికి డాక్టర్ హవిష తయారుచేసిన యంత్రమే ఓర్పరి. మనిషి ముఖం, మనిషి గొంతు. రంగు గ్రాహకంతో, అంటే కలర్ సెన్సర్‌తో, చీర అంచును ఒక్కసారి చూసి సరిగ్గా అదే రంగు గుడ్డ తీసిస్తుంది. ఎన్నిసార్లు అడిగినా విసుక్కోదు. మొదటి ఓర్పరిని వర్షిణమ్మ కొట్లోనే పెట్టారు.

నెల తిరిగేసరికి బేరాలు ఇంకా పడిపోయాయి.

"యంత్రం ఏమైనా తప్పు చేస్తోందా?" అని అడిగింది హవిష.

"చెయ్యదమ్మా, అదే వచ్చిన చిక్కు. ఎవరన్నా అరిచినా అట్టా నవ్వుతానే నిలబడుద్ది. నేనున్నప్పుడు గుట్టలు గుట్టలు తీయించి, నీకు కళ్ళు కనపడవా అని నాలుగు తిట్టి, ఓ ముక్క కొనుక్కుని హాయిగా పోయేవాళ్ళు." చెప్పకూడనిదేదో చెప్పినట్టు వర్షిణమ్మ మాట ఆపేసి గుడ్డలు మడతపెట్టసాగింది.

హవిష ఆ మాట పట్టుకుంది. ఓర్పరికి కొత్తగా ఒక ఎమోషన్ లేయర్ చేర్చి, దానికి నొచ్చుపొర అని పేరు పెట్టింది. ఇప్పుడు ఎవరైనా కసిరితే ఓర్పరి తల వంచుతుంది. గొంతు కాస్త వణుకుతుంది. "తప్పు నాదేనమ్మా, ఇంకోటి చూపిస్తాను" అంటుంది. ఆ తల వంపూ, ఆ వణుకూ, ఆ మాటా కొట్టు కెమెరాల్లోంచి తీసుకున్న వర్షిణమ్మవే. యంత్రానికి నిజంగా బాధ ఉండదని హవిష గుమ్మంలో బోర్డు కూడా పెట్టించింది.

జనం ఆ బోర్డు చదివే లోపలికి వచ్చారు. లెక్చరర్లు, బ్యాంకు ఆఫీసర్లు, ఇంట్లో పల్లెత్తు మాట అనని ఇల్లాళ్ళు. ఓర్పరిని నోటికొచ్చినట్టు అని, గుడ్డ కొనుక్కుని, తేలికపడిన ముఖాలతో వెళ్ళేవాళ్ళు. కొట్టు నిలబడింది.

"ఆ పొర తీసెయ్యమ్మా," అంది వర్షిణమ్మ ఒక మధ్యాహ్నం.

"తీసేస్తే కొట్టు మూసుకోవాల్సి వస్తుందండీ. ఇదివరకు మిమ్మల్ని అనేవాళ్ళు, ఇప్పుడు దాన్ని అంటున్నారు. మీకు మేలేగా?"

"మేలే. కానీ రోజంతా కూచుని చూస్తుంటే సిగ్గేస్తంది. ఇన్నేళ్ళూ నేనట్టా ఉన్నానా అని."

పొర పోతే హవిష పరిశోధనా పోతుంది. పొద్దున్నే పరిశోధనశాల డైరెక్టర్ ఆమెను అందరి ముందూ కడిగేశాడు కూడా. ఆ చిరాకులోనే, పొర పనితీరు చూద్దామని తన చీర కొంగు ఓర్పరి ముందు పెట్టింది. అది తెచ్చిన గుడ్డ అచ్చంగా సరిపోయింది.

"ఇదేనా తెచ్చేది? బుద్ధుందా నీకు?" అంది.

పరీక్ష కోసమే అన్నానని తనకు తాను చెప్పుకుంది. కానీ యంత్రం తల వంగుతుంటే పొద్దుటి బరువంతా దిగిపోయింది. ఇంకో మాట అనాలనిపించింది.

"నీలాంటివాళ్ళని కొట్లో ఎవరు పెట్టారసలు?"

"తప్పు నాదేనమ్మా, ఇంకోటి చూపిస్తాను."

ఆ మాట రెండు గొంతుల్లో వినిపించింది. హవిష వెనక్కి తిరిగింది. గల్లాపెట్టె దగ్గరున్న వర్షిణమ్మ తల వంచుకుని లేచి, నిచ్చెన మీద చెయ్యి వేసి ఉంది. అన్నది తనను కాదని కాసేపటికి గుర్తొచ్చి మెల్లగా కూర్చుంది.

హవిషకు సిగ్గుతో ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. నొచ్చుపొర తీసేద్దామని ఓర్పరి వీపు మీది మీట దగ్గరికి చెయ్యి చాచింది.

అప్పుడే గుమ్మంలో ఇద్దరు ఆడవాళ్ళు చెప్పులు విడిచారు. "ఏదీ, ఆ తిట్టించుకునేది ఎక్కడుంది?" అని నవ్వుతూ లోపలికి వచ్చారు.

వర్షిణమ్మ హవిష వంక చూసింది.

హవిష చెయ్యి వెనక్కి తీసుకుని, వాళ్ళకు దారి ఇచ్చింది.