జెరూషాకు వదిలిన జాగా

స్టూడియోలో పియానో లేదు. అయినా అప్పుడే చేసిన రికార్డు పెట్టగానే స్పీకర్లో పియానో మోగింది.

“మళ్లీ దూరింది మాయదారి యంత్రం!” అంటూ అబ్నేరు శాక్సోఫోన్‌ని ఒళ్లోకి దించుకున్నాడు.

ఆ యంత్రం పేరు పూరణి. సికింద్రాబాదులో అది లేని స్పీకరు లేదు. పాటలో వెలితి కనబడితే చాలు, పాత రికార్డులన్నీ గాలించి, అక్కడ ఉండాల్సిన స్వరాన్ని తనే పుట్టించి నింపేస్తుంది. ఫోనులో మాట తెగినా, ప్రార్థనలో గొంతు పూడుకుపోయినా అంతే. మనిషికి మూగబోయే హక్కు కూడా లేకుండా పోయింది. దాన్ని ఆపే మీట ఏ స్పీకరుకూ పెట్టలేదు.

అబ్నేరు భార్య జెరూషా జీవితమంతా అతని పక్కన పియానో వాయించింది. నిరుడు పోయింది. ఆమె లేని లోటు లోటుగానే వినబడే రికార్డు ఒక్కటైనా చెయ్యాలని ముసలాయన పంతం. అందుకే బాస్ గిటార్ తిమోతి, డ్రమ్స్ మహమూద్, తను, ముగ్గురే కూర్చున్నారు.

“తప్పు యంత్రానిది కాదంకుల్,” అన్నాడు తిమోతి మెల్లగా. “ప్రతి వరుస చివర మీరు నోట్లకెల్లి శాక్స్ తీసి ఆగుతున్నరు. ఆంటీ జవాబు కోసం.”

“నేనా?”

“మీకు తెల్వకుండనే. ఆ జాగా చూసే అది ఆంటీ లెక్క వాయిస్తున్నది.”

అబ్నేరు రికార్డు మళ్లీ పెట్టి విన్నాడు. ఆ వాయించే తీరు అచ్చం జెరూషాదే. కానీ ఆ స్వరాలు ఆమె ఎన్నడూ వాయించినవి కావు.

“అయితే ఇగ ఆగను,” అన్నాడు.

నెల్లాళ్లు సాధన చేశాడు. బుగ్గల్లో నిలిపిన గాలితో ఊదుతూ, అదే సమయంలో ముక్కుతో ఊపిరి తీసుకుంటూ, ఎక్కడా సందివ్వకుండా వాయించడం నేర్చుకున్నాడు. అతను ఆగబోయినప్పుడల్లా మహమూద్ డ్రమ్ము అంచు మీద కర్రతో కొట్టి హెచ్చరించేవాడు. చివరికి రికార్డు పూర్తయింది. పెట్టి వింటే పూరణి కిక్కురుమనలేదు.

“సాధించినం అంకుల్!” అని తిమోతి ఎగిరి గంతేశాడు.

అబ్నేరు మరోసారి విన్నాడు. పియానో లేదు. దాని కోసం ఎవరూ ఎదురుచూడటమూ లేదు. ఇతని పక్కన ఎన్నడైనా ఒక మనిషి కూర్చుందని ఆ పాట విన్నవాళ్లెవరికీ తట్టదు.

“ఇది వద్దురా,” అన్నాడు. “మొదటి లెక్కనే వాయిద్దాం. యంత్రం దూరితే దూరనీ.”

ముగ్గురూ మళ్లీ మొదలుపెట్టారు. వరుస చివరికి రాగానే తిమోతి, మహమూద్ నెమ్మదించి జాగా ఇచ్చారు. అబ్నేరు ఆగాలనుకున్నాడు. కళ్ల వెంట నీళ్లు కారిపోతున్నాయి. నెల్లాళ్ల అలవాటుతో ముక్కు తనంతట తనే గాలి పీల్చుకుంది. శాక్సోఫోన్ మోగుతూనే ఉంది.