రుబా ముట్టని కాఫీ

"నీ మేకపోతు మళ్ళీ మా కొండెక్కింది, నాయిఫ్!"

రుబా జీపు దిగుతూనే అంది. నాయిఫ్ చేతిలోని పాలసీసా పక్కన పెట్టాడు.

కొండమేకల అభయారణ్యంలో ఆమె డాక్టరు. పెంపుడు పోతు అడవి మందలో కలిస్తే ఆ జాతే పాడవుతుందని, మూడోసారి దొరికితే తిరిగి ఇవ్వనని ముందే చెప్పింది. ఇది మూడోసారి. ఆ పోతు బాషా చేజారితే, చనిపోయిన నాన్న పెంచిన, జోర్డాన్ అంతా పేరున్న షామీ జాతి మేకల మందకు ఇక దిక్కు లేదు. అప్పుడు పోట్లాటకైనా ఈ పిల్ల ఇటు రాదు. ఏ భయం పెద్దదో అతనికే తెలియలేదు.

పైగా ఈసారి వాళ్ళ బాబాయిని కూడా తెచ్చింది. వ్యవహారం ముదిరిందన్నమాటే.

"బాషా ఏడీ?"

"జీపులో ఉన్నాడు. వాడు దొరలా ఉన్నాడు, చెమటలు నీకే పడుతున్నాయి."

అమ్మ డేరాలో కాఫీ పోసింది. బాబాయి తాగాడు. రుబా మాత్రం కప్పు ముట్టకుండా ముందు పెట్టుకుని కూర్చుంది. అమ్మ కళ్ళు చాటంతయ్యాయి. కోరింది ఇస్తామనే దాకా కాఫీ ముట్టకపోవడం పిల్లనడగడానికి వచ్చిన పెద్దలు చేసే పని.

"ఏం కావాలి తల్లీ? మా వాడేనా?"

రుబా చెవులు ఎర్రబడ్డాయి. "బాషా సంగతి, పెద్దమ్మా. వాడికి ఆపరేషన్ చేయించండి. ఇక పిల్లలు పుట్టకూడదు."

"మూడుసార్లు మేకల అందాల పోటీ గెలిచినవాడు!" నాయిఫ్ అరిచాడు.

"ఆ వంపు ముక్కు కోసమే కదా తరతరాలుగా ఏరికోరి జతకట్టించారు? దవడ కురచైపోయింది. నిన్న పుట్టిన కూన పొదుగు పట్టగలిగిందా?"

పొద్దుటి నుంచీ నాయిఫే దానికి సీసాతో పాలు పడుతున్నాడు. ఈ ఏడు మూడు కూనల్ని తన చేత్తోనే పూడ్చాడు. ఆ దవడ కొండమేకలకూ వస్తే, అక్కడ సీసా పట్టేవాడెవడు?

"సరే, చేయించు. కాఫీ తాగు." నాన్నను తలచుకుంటూనే నాయిఫ్ కప్పు ఆమె వైపు జరిపాడు.

రుబా ఒక్క గుక్కలో తాగేసింది.

"అంతేనా? నేనింకా ఏదో అనుకున్నాను," అమ్మ ఉసూరుమంది.

బాబాయి మీసాల చాటున నవ్వాడు. "పోతు దొరికినా దొరక్కపోయినా వారానికోసారి జీపు ఇటే తోలుతుందమ్మా మా పిల్ల."

"బాబాయ్!"

నాయిఫ్ తెగించాడు. "ఆపరేషనయ్యాక బాషా కొండెక్కడు. మరి నువ్వు మళ్ళీ ఎందుకొస్తావు?"

"నేనెందుకు రావాలి? ఈసారి పెద్దల్ని తీసుకుని మీరే రండి. శుక్రవారం మా నాన్న ఇంట్లోనే ఉంటారు."