ఎర్రదారం పుస్తకం

ఆదోనిలో పత్తి మిల్లుల వెనక ఉన్న ఆ చిన్న ఆస్పత్రిలో శవాల గది పక్కన పడుకోమంటే పడుకునేవాళ్లు ఉండేవారు గానీ, పుస్తకాల గది పక్కన పడుకునే మొనగాడు లేడు. పొద్దుగూకితే చాలు, లోపల కాగితాలు తిప్పుతున్న చప్పుడు... తాళం వేసిన గదిలో! చచ్చిపోయిన డాక్టరమ్మే వచ్చి చదువుకుంటోందని అందరూ తేల్చేశారు. ఆమె పోయి మూడేళ్లు. చప్పుడు మొదలై ఏడాది కూడా కాలేదు. ఈ తేడా మాత్రం ఏ మహానుభావుడికీ తట్టలేదు.

ఆ గది ఆమె పెట్టిందే. మద్రాసు నుంచి రెండు ట్రంకుపెట్టెల్లో తెచ్చుకున్న వైద్యం పుస్తకాలు ఇరవై ఏళ్లలో నాలుగు బీరువాలయ్యాయి. ఏ రోగికి ఏం చేస్తే నయమైందో వాటి అంచుల్లోనే రాసుకునేది, బొమ్మలు గీసుకునేది. పుస్తకాలు అందించే బంట్రోతు ఏసన్నకు అక్షరమ్ముక్క రాదు. అందుకని ఎమ్మిగనూరు మగ్గాల నుంచి రంగుదారాలు తెప్పించి అట్టలకు కట్టింది. ఆకుపచ్చది విషాలకు, పసుపుది జ్వరాలకు, కాన్పుల పుస్తకం ఒక్కటే, దానికి ఎర్రది. రంగు చెబితే చాలు, ఏసన్న చిటికెలో తెచ్చి ఇచ్చేవాడు.

కర్నూలు రాజధాని అయిన ఏడు ఆమె కన్నుమూసింది. అప్పట్నుంచి దారాలకు మహిమ వచ్చింది!

"అమ్మ కట్టిన దారం ఒకటీప్పా ఏసన్నా" అని జనం బతిమాలేవారు. ఏసన్న మెత్తని మనిషి. పైగా నలుగురూ మొక్కుతుంటే ఎవరికి చేదు? ఒక్కొక్కటే విప్పి, ప్రభువు పేరు చెప్పి, మూడు ముళ్లు వేసి మణికట్లకు కట్టాడు. కొత్త డాక్టరు వారానికి రెండు రోజులే వచ్చేవాడు, ఆ పుస్తకాల జోలికి పోయేవాడు కాదు. చూస్తుండగానే గదిలో దారమన్నది లేకుండా పోయింది.

ఒక వానరాత్రి ఏసన్న కూతురు ముత్తమ్మకు నొప్పులొచ్చాయి. బిడ్డ అడ్డం తిరిగింది. చెయ్యి ముందు బయటికి వచ్చింది. డాక్టరు ఎమ్మిగనూరులో... మధ్యలో వంక పొంగి దారి తెగింది.

"ఇట్లాంటి బిడ్డను అమ్మ తిప్పి తీసింది, ఏసన్నా. ఎట్ల తిప్పాల్నో పుస్తకంలో బొమ్మ గీసింది" అంది నర్సు అంజనమ్మ. "నేను ఈడ్నుంచి కదిలితే పిల్ల దక్కదు. ఎర్రదారంది... బిర్నా తే!"

ఎర్రదారం ఎక్కడుంది? ఉన్న ఒక్కటీ పోయిన ఏడే ఏసన్న విప్పాడు... హులిగెమ్మ కోసం.

మాధవరం పిల్ల. నిండు నెలల్లో బండి కట్టించుకుని వచ్చింది. "బిడ్డ అడ్డంగా ఉన్నట్టుందన్నా, నర్సమ్మను పిలువు" అంది. నర్సమ్మ అన్నం తింటోంది. మధ్యలో లేపడమెందుకని, "దారం కడతా, ఏమీ కాదు, పోమ్మా" అని కట్టి పంపాడు. నెల తిరక్కుండా తల్లీ బిడ్డా పోయారు. దారం చేతికి ఉండగానే పాతిపెట్టినామని ఆమె అత్త వచ్చి ఏడ్చింది. ఆ రోజు నుంచి ఏసన్నకు అన్నం సయించలేదు.

లాంతరు పట్టుకుని పరుగెత్తాడు. వెనక కూతురి అరుపు. తాళంచెవి తిప్పబోతుంటే— లోపల కాగితం తిరిగింది. ఒకటి... ఆగి, మరొకటి.

"అమ్మా... నువ్వేనా?"

చప్పుడు ఆగిపోయింది. తాళం తీసి తలుపు తోశాడు. నాలుగు బీరువాల నిండా నల్ల అట్టలు, అన్నీ ఒకటే మాదిరి. ఇరవై ఏళ్లు మోశాడు గానీ ఒక్కదాని పేరూ తెలియదు. ఒకటి లాగాడు, పడేశాడు, ఇంకొకటి లాగాడు. బొమ్మ కోసం వెతుకుదామనేసరికి గాలికి లాంతరు కాస్తా ఆరిపోయింది.

అక్కడే కూలబడి పసిపిల్లాడిలా ఏడ్చాడు. "నాకు సదువు రాదమ్మా... నా బిడ్డను తీసుకుపోవద్దు..."

చీకట్లో, బల్ల మీద, కాగితం తిరిగింది.

చెయ్యి చాపాడు. తెరిచి ఉన్న పుస్తకం తగిలింది. పేజీల మధ్య... దారం!

అట్లాగే ఎత్తుకుని పరుగు. "ఇదే! పేజీ కూడా ఇదే!" అంది అంజనమ్మ. దారం తీసి అతని చేతిలో పెట్టి, బయటికి నెట్టి తలుపు మూసింది. ఏసన్న గుప్పిట బిగించి గోడకు ఆనుకున్నాడు. చేతనైంది ఇంకేమీ లేదు.

తెల్లవారుజామున పసిబిడ్డ ఏడుపు వినబడింది.

"ఇద్దరూ దక్కినారప్పా" అంటూ అంజనమ్మ దీపంతో బయటికి వచ్చింది. "డాక్టరమ్మే వచ్చి అందించినట్టుంది."

ఏసన్న గుప్పిట విప్పి దీపం కింద చూసుకుంటున్నాడు. ఎర్రదారం తడిగా ఉంది, నల్లరేగడి మన్ను పట్టి ఉంది. ముంజేతికి సరిపడేంత చుట్ట. అతను వేసిన మూడు ముళ్లూ వేసినట్టే ఉన్నాయి.

వచ్చింది డాక్టరమ్మ కాదు. నర్సమ్మను పిలవమని అడిగిన పిల్ల.