నరాల బలహీనత

"నరాలకు ఏమన్నా ఇస్తారంట కదా మ్యాడం?"

నేను అడిగింది ఇంతే. ఆ అమ్మాయి చేతిలోని స్ప్రే సీసా పక్కన పెట్టి, నన్ను పైనుంచి కిందికి ఒకసారి చూసి తలుపు చూపించింది.

"ఆ మందు గావల్లంటే బస్టాండు గోడమీద నంబరుండాది. ఫోన్ చేసుకో పో. ఇది ల్యాబు."

"నాక్కాదు మ్యాడం."

"అందరూ అట్లనే అంటారు."

మా వైపు ఖాళీ గోడ కనిపిస్తే చాలు, ఎర్ర రంగుతో 'నరాల బలహీనత' అని రాసేస్తారు. అది ఏ బలహీనతో చదువు రానివాళ్లకు కూడా తెలుసు. నరాలు వేళ్లలో కూడా ఉంటాయని చెబితే మాత్రం ఎవరూ నమ్మరు.

నా పేరు మారుతి. ధర్మవరంలో పట్టుచీరలకు కంప్యూటర్లో డిజైన్లు గీస్తాను. ఆ అమ్మాయి ఈశ్వరి. రాప్తాడు దగ్గర, వానకు మొహం వాచిన నేలలో, ఒక షెడ్డుకు తడి గోనెపట్టాలు కట్టి, పాత ఏసీ పెట్టి పుట్టగొడుగులు పెంచుతోంది. వాటిలోని పదార్థాలు నరాల మీద ఏం చేస్తాయన్నది ఆమె పరిశోధన. మనుషులకే నీళ్లు లేకపోతే కుక్కగొడుగులకు చల్లతాదా అని ఊరు ఊరంతా ఆమెను పిచ్చిదంటుంది. ఆ సంగతి ఆమెకు తెలుసు, లెక్కచేయదు.

నేను కదల్లేదు. "చేతివేళ్లు మొద్దుబారినాయి. పోగు తగిల్తే తెలీదు," అన్నాను.

ఆమె ముఖంలో వెటకారం పోయింది. ఎవరికని అడిగింది. చెప్పలేనన్నాను.

ఆ వేళ్లు మా నాయన శ్రీరంగప్పవి. జరీ పోగు తెగితే కళ్లు మూసుకుని పట్టుకునే మనిషి, ఇప్పుడు ముక్కు చీరకు ఆనించి వెతుక్కుంటున్నాడు. ఈ మాట మాకు నేత పనిచ్చే షావుకారు చెవిన పడితే మగ్గం మీదున్న పెళ్లిచీర వేరే ఇంటికి పోతుంది. తర్వాత పనే ఉండదు. అందుకే నాయన నాచేత ఒట్టు వేయించుకున్నాడు.

ఈశ్వరి మళ్లీ అడగలేదు. నన్ను ఒక సంచి దగ్గరికి తీసుకెళ్లింది. దానికి తెల్లటి పుట్టగొడుగొకటి మేకపోతు గడ్డంలా వేలాడుతోంది.

"దీన్ని లయన్స్ మేన్ అంటారు, సింహం జూలని. దీంట్లో హెరిసినోన్లు, దీని కింద పోగుల్లా అల్లుకునే బూజులో ఎరినసిన్లు ఉంటాయి. నరాల కణాలు పెరగల్లంటే మన ఒంట్లో ఒక ప్రొటీన్ గావల్ల. ఎలుకల్లో వీటివల్ల అది పెరిగింది. మనుషుల్లో చిన్న చిన్న పరీక్షలే అయినాయి. కూర చేసుకోని తినండి. నయమైతాదని నేను చెప్పను. ముందు డాక్టరుకు చూపించి రక్తపరీక్ష చేయించు. షుగరు, బీ ట్వెల్వ్."

సరుకు చేతిలో పెట్టుకుని ఇలా మాట్లాడేవాళ్లను నేనెక్కడా చూడలేదు. నేను అక్కడే పడిపోయాను.

అప్పట్నుంచి నాయన వారం వారం ఆ కూర తిన్నాడు, నేను వారం వారం రాప్తాడు పోయాను. ఏసీ బాగుచేస్తానని ఒకసారి, పంపు చూస్తానని ఒకసారి.

"పుట్టగొడుగులు అయిపోయినాయి. ఇంకెందుకొచ్చినావు?" అంది ఒకరోజు.

"చూసి పోదామని."

"పుట్టగొడుగుల్నా?"

"వాటిని గూడా."

ఆమె స్ప్రే తిప్పి నా ముఖం మీద కొట్టింది. ఆ ఏడాది నేను తడిసిన వాన అదొక్కటే.

మా వీధి ఓబిలేష్ నన్ను ఆ షెడ్డు ముందు చూశాడు. సాయంత్రానికి వీధంతా తెలిసింది, మారుతి నరాల మందుకు తిరుగుతున్నాడని. నాకు కుదరబోయిన హిందూపురం సంబంధం వాళ్లు ఫోన్ ఎత్తడం మానేశారు. అమ్మ రామాంజినమ్మ అన్నం ముందు కూర్చుని ఏడ్చింది. నాయన నిజం చెప్పేస్తానని లేచాడు. వేళ్లు బాగయ్యేదాకా నోరు మెదపొద్దని నేనే ఆపాను. నన్ను చూసి నవ్వితే నవ్వనీ, మగ్గం ఆగకూడదు.

ధర్మవరంలో పరీక్ష చేయిస్తే నలుగురికీ తెలుస్తుందని నాయన ఎన్నాళ్లో మొండికేశాడు. చివరికి అనంతపురం తీసుకెళ్లాను. బీ ట్వెల్వ్ బాగా తక్కువుందని తేలింది. ఇంజెక్షన్లు మొదలయ్యాయి. కొన్నాళ్లకు ఒక పొద్దున నాయన వేడి టీ గ్లాసు పట్టుకుని, కాలిందని చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. కాలినందుకు మా ఇంట్లో పండగ చేసుకున్నాం.

నాయన దగ్గర ఒట్టు విడిపించుకుని ఈశ్వరికి అంతా చెప్పాను. అంతా నీ పుట్టగొడుగుల మహిమేనన్నాను. ఆమెకు ఒళ్లు మండింది.

"ఇంజెక్షన్ చేసిన పనికి నా పుట్టగొడుగు పేరు పెట్టద్దు. ఒక కంపెనీ ఆయప్ప గూడా వచ్చినాడు, డబ్బా మీద నరాల బలహీనతకు దివ్యౌషధమని రాద్దామని. బయటికి పంపించినా. నా ల్యాబు మూతపడినా ఆ అబద్ధం రాయను."

తర్వాత వీధి కథ, హిందూపురం కథ చెప్పాను. ఆమె నవ్వలేదు. షెడ్డుకు తాళం వేసింది.

"బండి తీయి. మీ వీధికి పోదాం."

మేం వెళ్లేసరికి షావుకారు చీర చూసుకోవడానికి వచ్చి ఉన్నాడు. అరుగు మీద ఓబిలేష్, వాడి చుట్టూ నలుగురు.

"మావోని నరాలు ఎట్లుండాయి మ్యాడం?" అన్నాడు వాడు. అందరూ నవ్వారు.

నాకంటే ముందు నాయన మగ్గం గుంటలోంచి లేచి గడపలోకి వచ్చాడు.

"వాడు ఆ షెడ్డుకు పోయింది నాకోసరం. మొద్దుబారింది నా వేళ్లు. ఇంకా పూర్తిగా బాగుకాలే. నా కొడుకు నాకోసరం మీ నవ్వులు మోసినాడు." షావుకారు వైపు తిరిగాడు. "చీర ఉంచుతావో, తీసకపోతావో నీ ఇష్టం."

షావుకారు చీర అంచు తడిమి చూశాడు. చీర మగ్గం దిగినాక చూద్దామని చెప్పి వెళ్లిపోయాడు. అందులో అవునుందో కాదుందో మాకు తెలియదు. నాయన మాత్రం తల ఎత్తుకునే మళ్లీ మగ్గంలో కూర్చున్నాడు.

ఓబిలేష్ మెల్లగా జారుకోబోయాడు.

"ఉండప్పా, నీకు జవాబు చెప్పల్ల కదా," అంది ఈశ్వరి. "ఈయప్ప నరాలు బాగుండాయి. బాగలేకపోయినా నేనే చేసుకుంటా. పోయి హిందూపురందాకా చెప్పు."

అమ్మ కళ్లు తుడుచుకుని, ఈశ్వరిని తేరిపార చూసి, అన్నం తిందువు లోపలికి రామ్మా అని పిలిచింది. మా ఇంట్లో దీవెన అంటే అదే.

నా చేతులు వణకడం మొదలుపెట్టాయి. ఈశ్వరి చూసి ఒక చెయ్యి పట్టుకుంది.

"ఇది నయమైతాదా?" అన్నాను.

"చెప్పను. మనుషుల మీద పరీక్ష ఇప్పుడే మొదలైంది," అంది, చెయ్యి వదలకుండానే.