కుడిపక్క దిండు

"నీకు మారువేషం అక్కర్లేదు," అన్నాడు చీఫ్. "నీ గుండె కవాటం నిజంగానే లీకవుతోంది."

ఏజెంట్ కుర్చీలో కూలబడ్డాడు. డిపార్ట్‌మెంట్‌లో అందరూ అతన్ని 'ముసలి డేగ' అంటారు. డేగ సంగతేమో గానీ ముసలి మాత్రం పచ్చి నిజం. నాలుగు మెట్లెక్కితే ఆయాసం.

"కవాటం రిపేరు మీద రీసెర్చ్ జరుగుతోంది," చీఫ్ బ్రీఫింగ్ మొదలెట్టాడు. "పాత పద్ధతిలో ఛాతీ ఎముకని నిలువునా కోస్తారు. కొత్తదాంట్లో కుడిపక్క పక్కటెముకల మధ్య చిన్న గాటు, అంతే. ఎవరికి ఏదనేది మత్తిచ్చాకే కంప్యూటర్ చీటీ తీసి తేలుస్తుంది. అప్పటిదాకా ఎవ్వరికీ తెలీదు. కొత్తది గెలిస్తే ఓ విదేశీ ముఠా అమ్మే పాత పద్ధతి పరికరాలన్నీ తుక్కు."

"అయితే?"

"కొత్త పద్ధతిలో చేయించుకున్న ముగ్గురు బాగా కోలుకుంటూ ఐసీయూలో పోయారు. ఎవరో చంపుతున్నారు. తర్వాతి పేషెంట్‌వి నువ్వే."

"నేనూ పోతే రిపోర్ట్ ఎవరు రాస్తారు?"

చీఫ్ సొరుగు తెరిచాడు. వేలికి పెట్టుకునే పల్స్ క్లిప్పొకటి ఇచ్చాడు. గట్టిగా నొక్కితే మనవాళ్ళు లోపలికొస్తారట.

ఇంటికెళ్ళి భార్యతో, "ఆఫీసు పనే. పేషెంట్‌గా నటించాలి," అన్నాడు.

"ఉత్త నటనేగా?"

"ఉత్త నటనే."

పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆమెకి అబద్ధాలే చెప్పాడు. చెప్పీ చెప్పీ అతనికే విసుగెత్తిపోయింది పాపం. కానీ ఆమె భయపడితే మాత్రం చూడలేడు.

ఆస్పత్రిలో ఫిజియోథెరపిస్ట్ వచ్చింది. ముఠాలో ఉంటూ మనకి కబుర్లందించే డబుల్ ఏజెంట్. ఆమె నడిచొస్తుంటే వార్డులో మానిటర్లన్నీ కాస్త జోరందుకున్నాయి.

"ఊపిరి ఎలా ఉంది?"

"అద్దెకి తెచ్చుకున్నా."

కోడ్ కలిసింది. ఆమె దిండొకటి చేతికిచ్చింది. "ఆపరేషన్ అయ్యాక దగ్గొస్తే కుట్లు లాగుతాయి. దీన్ని ఇలా కుడిపక్కకి అదిమిపట్టుకుని దగ్గండి." బాగా వచ్చేదాకా చేయించింది. వెళ్తూ వెళ్తూ చెవిలో, "మత్తు డాక్టరే హంతకుడు. ఐసీయూలో మీ పక్కన నేనుంటా, భయపడకండి," అంది.

ఆపరేషన్ థియేటర్‌లో చలి. మత్తు డాక్టర్ మాస్క్ పట్టుకుని వంగాడు. డేగ బొటనవేలు క్లిప్పు మీదే ఉంది.

"నాకు కోసేది ఛాతీయా, పక్కటెముకలా?"

"నాకేం తెలుసండీ? మీరు నిద్రపోయాకే కదా తేలేది! అందుకే దిండు పట్టుకోవడం రెండు రకాలుగానూ నేర్పిస్తారు. నేర్పారుగా?"

కుడిపక్క. ఒక్క కుడిపక్కే నేర్పింది!

చేతిలోకి మందెక్కుతోంది. రెప్పలు వాలిపోతున్నాయి. డేగ ఉన్న బలమంతా కూడదీసి క్లిప్పు నొక్కాడు. మనవాళ్ళిద్దరు దూసుకొచ్చి మత్తు డాక్టర్ మెడ పట్టుకున్నారు. ఓరి మీ దుంపతెగ! డేగ తన మొహం మీది మాస్క్ లాగి పారేశాడు.

"ఆయన్ని కాదర్రా... ఆ దిండు పిల్లని..."

అంతే, నిద్ర.

కళ్ళు తెరిచేసరికి చీఫ్ ఉన్నాడు. "ఆమె జేబులో విషం ఇంజెక్షన్ దొరికింది. ముఠా ఆస్పత్రి కంప్యూటర్‌లోకి దూరి, నీకు కొత్త పద్ధతే రావాలని ముందే తేల్చిపెట్టింది. ఎలాగూ చచ్చేవాడికి రెండో రకం కూడా ఎందుకని ఆమె పని తగ్గించుకుంది."

"నేనైనా అంతే చేసేవాణ్ణి," అన్నాడు డేగ నీరసంగా.

"కంప్యూటర్‌ని బాగుచేసి మళ్ళీ చీటీ తీయించాం. నీకు పాత పద్ధతి వచ్చింది."

అప్పుడు తెలిసింది, ఛాతీ మధ్యలో మంట.

చీఫ్ వెళ్ళాడు. భార్య వచ్చింది. మెడ కింద నుంచి పొట్టదాకా ఉన్న కట్టు చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఉత్త నటన అన్నారు!" అంది ఆమె.

డేగకి ఏడుపూ దగ్గూ కలిసే వచ్చాయి. దిండు ఛాతీకి హత్తుకున్నాడు, ఎవరూ నేర్పకపోయినా సరిగ్గా మధ్యకి.

"ఏం చెయ్యనే," అన్నాడు, "పాత్రలో మరీ లీనమైపోయా."