రెండోసారి రాసిన కాగితం

"ఎఫ్రెన్ గారూ, మీరొక్కరేనా, లోపల ఇంకొకరు కూడా ఉన్నారా?"

మనీలాలో ఓడ ఎక్కే ముందు మా ఓడ పనివాళ్ళందరం మనస్తత్వ పరీక్ష రాయాలి. నా కాగితం చూసి క్లినిక్ అమ్మాయి జోవెలిన్ వేసిన మొదటి చురక ఇదే. బయట వాన. నా ఓడ సోమవారం.

"పద్నాలుగో ప్రశ్నలో జనమంటే ఇష్టమన్నారు. తొంభైలో జనాన్ని చూస్తే ఒళ్ళు మంటన్నారు. యాభై ఒకటిలో 'ఇక్కడ కాదు అని పెట్టండి' అని ఉంది. దానికీ అవునన్నారు!"

"ప్రశ్న చదవలేదు మేడమ్."

"మరెలా రాశారు?"

"హాస్టల్లో అందరం పాత జవాబులు బట్టీ పట్టాం. మీరేమో ప్రశ్నల వరస మార్చేశారు."

ఆమె పడీ పడీ నవ్వింది. ఆ నవ్వు చూస్తూ నేను ఓడ సంగతే మరిచిపోయాను.

"రేపు మళ్ళీ రాయండి. ఇంకొక్క అవకాశమే ఉంది. ఈసారి చదివి, నిజం రాయండి."

"రాస్తే కాఫీకి వస్తారా?"

"ముందు రాయండి సార్!"

మర్నాడు ఆమె కోసమే ప్రతి ప్రశ్నా చదివాను. నిద్ర పడుతోందా అని అడిగారు. పోయిన ఓడలో నా గదిలోనే ఉండే అర్నుల్ఫో సముద్రంలో పడి చనిపోయాడు. అప్పట్నుంచి నాకు నిద్ర లేదు. లేదనే రాశాను. చచ్చిపోవాలనిపించిందా అన్నచోట అవునని పెట్టాను. ఇంకోచోట మాట మార్చి అదే అడిగారు. అక్కడా అవునన్నాను.

జోవెలిన్ కాగితం రెండుసార్లు చదివింది.

"ఈసారి జవాబులన్నీ ఒకదానికొకటి సరిపోయాయి ఎఫ్రెన్. అందుకే నిన్ను పంపలేం. డాక్టరుగారికి చెప్పాలి."

"అబద్ధం రాస్తే పట్టుకున్నావు. నిజం రాస్తే ఓడ లాక్కుంటున్నావు! నువ్వడిగావనే కదా రాశాను?"

"తిట్టు. బతికుండి ఎంతైనా తిట్టు."

తిట్టాను కూడా. అన్నీ పడి, నన్ను డాక్టరు గదిదాకా తీసుకెళ్ళి, నేను బయటికి వచ్చేదాకా గుమ్మం దగ్గరే కూర్చుంది.

సోమవారం ఓడ నేను లేకుండానే వెళ్ళిపోయింది. ఆ మధ్యాహ్నం సముద్రపు గట్టు మీద కూర్చుని ఏడ్చాను. ఇంజను గది తప్ప నాకు వేరే పని చేతకాదు. జోవెలిన్ వెతుక్కుంటూ వచ్చింది. వేడి వేడి లుగావ్ జావ నా చేతిలో పెట్టి పక్కన కూర్చుంది.

"చచ్చిపోవాలని ఉందా?" సూటిగా అడిగింది.

ఈమె దగ్గర అబద్ధం నిలవదు.

"ఈ రోజు లేదు."

"రేపూ అడుగుతా. ఎల్లుండీ అడుగుతా. నువ్వంటే నాకిష్టం, అందుకే అడుగుతా. జవాబు మారితే మాత్రం దాచకు."

ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"అడుగు," అన్నాను.