పలకని బద్దలు

ఆ ఇంట్లో పొద్దున లేవగానే మొదట వినపడేది కుట్టుమిషను చప్పుడు. దర్జీ పని చేసే ఇంటావిడ ఆ రోజు గిరాకీల బట్టలన్నీ పక్కన పడేసి, కూతురి మోకాలి పట్టీలకి రెండో వరస కుట్టు వేస్తోంది. పట్టీ అంచున కాస్త పీచు లేచినా ఆవిడ ప్రాణం ఒప్పదు. మిద్దె అంత ఎత్తుకి ఎగిరి దిగే పిల్ల కాలిని పట్టుకుని ఉండేది ఆ జానెడు గుడ్డే మరి.

వసారాలో ఆవిడ మొగుడు గోనెపట్టా పరుచుకుని, గెంతులాటలో కట్టుకునే స్ప్రింగు కాళ్ళు ముందేసుకున్నాడు. ఒకప్పుడు ఆ కాళ్ళు కట్టుకుని కారు మీదుగా గెంతి, అవతల చప్పట్ల మధ్య దిగిన మనిషి. మిడత మాస్టారు అంటే తెలియనివాళ్ళు లేరు. మడమ నుజ్జయి ఇంటిపట్టున ఉండిపోయాక ఆట కూతురికి వెళ్ళింది, ఆ సామాను బాగోగులు ఈయనకి మిగిలాయి.

సామాను అంటే పెద్దగా ఏమీ లేదు. ఒక్కో కాలికీ అల్యూమినియం చట్రం, పాదం పెట్టుకునే మెట్టు, వెనకవైపు విల్లులా వంగే ఫైబర్ బద్ద, కింద రబ్బరు గిట్ట. వాటిని చేసిన కంపెనీ మూతపడి పదేళ్ళు దాటింది. గిట్ట అరిగితే పాత టైరు కోయించుకోవచ్చు. బోల్టులు సైకిల్ షాపులో దొరుకుతాయి. బద్ద మాత్రం ఎవడూ చెయ్యలేడు. ఆట మానేసిన బృందాల దగ్గర మాస్టారు ఏరి తెచ్చిన పాత బద్దలు పద్నాలుగు మంచం కింద పెట్టెలో ఉన్నాయి. వాడినా వాడకపోయినా ముసలిదైపోయే సరుకది. పైకి నున్నగా నవ్వుతూనే ఉంటుంది, లోపల పొరలు విడిపోతుంటాయి.

అందుకని మాస్టారికో పద్ధతి ఉంది. బద్దని రెండు వేళ్ళతో వేలాడదీసి చెంచాతో తడతాడు. టింగుమంటే మంచిది. డప్పుమంటే లోపల విడిపోయినట్టు. అలాంటిదాన్ని పొరపాటున కూడా ఇంకెవరూ కట్టుకోకుండా అక్కడికక్కడే రంపంతో రెండు ముక్కలు చేసేస్తాడు. చెంచా తీర్పు చెప్పాక ఆ ఇంట్లో ఇంకెవరూ నోరెత్తరు.

"నాన్నా, ఇవాళ్టికి ఏ జత?" అంటూ కూతురు తల తుడుచుకుంటూ వచ్చింది. ఇరవై రెండేళ్ళ పిల్ల. గాలికి ఎగిరిపోయేట్టు ఉంటుందని చిన్నప్పుడే పిచ్చుక అని పేరు పెట్టారు.

"ఎర్రగీత జత. రాయిలా ఉంది."

"ఎడమది కూడా తట్టి చూశావా?"

"నాకు నేర్పుతున్నావటే? నీకు పళ్ళు రానప్పటి నుంచీ తడుతున్నాను."

సాయంత్రం నాలుగింటికి మైదానంలో ఆట ఉంది. చూడటానికి ఒక పెద్ద బృందం మేనేజరు వస్తున్నాడు. నచ్చితే ఇవాళే తీసుకుంటాడు. వాళ్ళ దగ్గర మొన్నమొన్న తయారైన కొత్త కాళ్ళు ఉన్నాయి. ఈ ఒక్క సాయంత్రం గట్టెక్కితే ఇక ఈ పాత బద్దల మొహం చూడక్కర్లేదని నెల రోజులుగా ఆ పిల్ల వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టుకుంటోంది.

పట్టీలు పూర్తిచేసి తల్లి వసారాలోకి వచ్చింది. వంగి చట్రానికి తగిలిస్తుంటే చేతిలోని కత్తెర జారి ఎడమ బద్దకి తగిలింది. డప్పుమంది.

ఆవిడ చెయ్యి ఆగిపోయింది. కత్తెర తిరగేసి కుడి బద్ద మీద తట్టింది. టింగుమంది. మళ్ళీ ఎడమ. డప్పు.

"ఏమండీ, ఇది పలకటం లేదు."

"ఏది?" అంటూ మాస్టారు చెంచా తీసుకుని ఎడమ బద్దని తట్టాడు. "భేషుగ్గా ఉంది. నీ చెవుల్లో మిషను తిరుగుతోంది."

"మిషను ఆపి పది నిమిషాలైంది. ఇంకోసారి తట్టండి."

"ఆట రోజు అపశకునం మాట్లాడకు. లోపలికి పో."

ఆవిడ కదల్లేదు. కూతురి వైపు చూసింది. కూతురు తడి తువ్వాలు మడతపెడుతోంది. మడతపెట్టినదాన్ని విప్పి మళ్ళీ మడతపెడుతోంది.

తల్లి మళ్ళీ మొగుడి వైపు తిరిగింది.

"సరే, నా అనుమానం తీర్చండి," అంది, గొంతు మామూలుగా ఉంచుకుని. "పెట్టెలోంచి ఒకటి తీస్తాను. మీరు అటు గోడవైపు తిరిగి కూర్చోండి. నేను తడతాను, మీరు చెప్పండి. అంతే."

"చిన్నపిల్లల ఆటలా?"

"అనుకోండి."

మాస్టారు గొణుక్కుంటూ తిరిగి కూర్చున్నాడు. ఆవిడ ఒక బద్ద వేలాడదీసి చెంచా ఎత్తింది. ఎత్తిన చెయ్యి అలాగే ఉంచింది. వసారాలో ఏ చప్పుడూ లేదు.

"తట్టాను. ఎలా ఉంది?" అంది గట్టిగా.

ఆయన మెడ కొద్దిగా వంచాడు. క్షణం ఆగాడు. "బాగుంది. పెట్టెలో పెట్టెయ్."

చెంచా బద్దకి తగలనే లేదు.

ఆవిడ చేతిలోంచి రెండూ జారి గచ్చు మీద పడ్డాయి. మాస్టారు ఇటు తిరిగి ఆవిడ మొహం చూశాడు, కింద చెంచా చూశాడు. అర్థమైంది. అర్థమైన మరుక్షణం కోపం తెచ్చుకున్నాడు.

"నన్ను పరీక్ష పెడతావా? ముప్పై ఏళ్ళు ఈ చేతుల్తో..."

"ఎన్నాళ్ళ నుంచి?" ఆవిడ అరిచింది. "ఎన్నాళ్ళ నుంచి వినపడటం లేదు? నా పిల్లని ఏ ధైర్యంతో ఆ కర్రల మీద నిలబెడుతున్నారు? గాల్లో ఉండగా అది ఫట్‌మంటే? విరిగిన ముక్క వచ్చి మెడలో దిగితే?"

"మాటలు వినపడతాయి. ఎదురుగా ఉంటే అన్నీ వినపడతాయి."

"నేనడిగింది బద్ద సంగతి."

ఆయన గోనెపట్టా పీచు ఒకటి లాగాడు.

"రెండేళ్ళు," అన్నాడు చివరికి. "అన్నీ డప్పుమనటం మొదలెట్టాయి. మొదట్లో బద్దలన్నీ ఒకేసారి పాడైపోయాయేమో అనుకున్నాను. ఒకరోజు కొత్త స్టీలు గ్లాసు తట్టి చూశాను. అదీ డప్పే. ఈమధ్య ఆ డప్పు కూడా వినపడట్లేదు." నవ్వబోయాడు గానీ పెదవి వంకరపోయింది. "అప్పటినుంచి కంటితో చూసి, వేలితో తడిమి చెబుతున్నాను."

"అంటే తోచినట్టు చెబుతున్నారు."

"ఊ."

"నోరు పడిపోయిందా? ఒక్క మాట నాతో అనటానికి?"

"అంటే ఏం మిగుల్తుందే నాకు? కాలు పోయింది. చెవి కూడా పోయిందంటే ఈ ఇంట్లో నేను దేనికి? నువ్వు కుట్టి పెడితే తిని కూర్చోవటానికా?"

"కూర్చోండి! తిని కూర్చోండి! దాన్ని చంపి ఏం సాధిద్దామని?"

"అమ్మా, ఇంక ఆపు," అంది పిచ్చుక. "నాకు తెలుసు."

ఇద్దరూ ఆ పిల్లవైపు తిరిగారు.

"ఆర్నెల్లుగా ఎర్రగీత జతలో ఎడమ కాలు ఆలస్యంగా లేస్తోంది. అందుకే కుడికాలి మీద దిగుతున్నాను. అలవాటైంది."

మాస్టారి మొహంలో నెత్తురు ఇంకిపోయింది. "తెలిసి ఎక్కావా? ప్రతిసారీ తెలిసే ఎక్కావా?"

"నీకు వినపడటం లేదని నేనంటే నువ్వు మళ్ళీ ఈ పట్టా మీద కూర్చోవు నాన్నా. మడమ నుజ్జయినప్పుడు ఏడాదిపాటు గోడకేసి చూస్తూ పడుకున్నావు. మళ్ళీ అలా చూడలేను." గబగబా చెప్పుకుపోయింది. "ఇవాళ ఒక్కరోజే. మూడు గెంతులు. కుడికాలి మీదే దిగుతాను. వాళ్ళు తీసుకుంటే రేపట్నుంచి కొత్తవి. అమ్మా, కాళ్ళు ఇలా ఇయ్యి."

తల్లి ఆ చట్రాలు రెండూ ఒళ్ళోకి లాక్కుని కూలబడింది. "పరువు కోసం ఆయన దాచాడు, ఆయన కోసం నువ్వు దాచావు. మధ్యలో నేనొక దద్దమ్మని, పట్టీలకి రెండో కుట్టు వేస్తూ కూర్చున్నాను. ఇవ్వను. నా చేతులు నరుక్కుని తీసుకో."

"ఈసారి పోతే మళ్ళీ రాదమ్మా!"

"పిచ్చుకా," అన్నాడు మాస్టారు. గొంతులో అదివరకటి బింకం లేదు. "పెట్టె తీసుకురా. నువ్వు తట్టు. నా మొహం చూడకుండా చెప్పు."

పిల్ల ఏడుస్తూనే తెచ్చింది. పెట్టెలో పద్నాలుగు, చట్రాలకున్నవి రెండు. ఒక్కొక్కటీ తట్టి చెప్పసాగింది. డప్పు. డప్పు. ఇది కూడా. ఆయన రంపం తీశాడు. పలకనిదల్లా రెండు ముక్కలవుతోంది. ఫైబర్ దుమ్ము లేస్తుంటే తల్లి లేచి వెళ్ళి గుడ్డ తడిపి తెచ్చి, ఆయన ముక్కుకి కట్టింది, తర్వాత కూతురికి, తర్వాత తనకి. ఎర్రగీత ఎడమ బద్ద కొయ్యగానే లోపల పొరలు పాత పుస్తకంలా విచ్చుకున్నాయి. ముగ్గురూ దాన్ని చూశారు. పిచ్చుక తన ఎడమ కాలు దగ్గరికి లాక్కుంది.

పదహారింటిలో పలికినవి మూడు. ఒకటి ఎర్రగీత కుడిది, ఒకటి భారీ మనుషులది, ఒకటి చిన్నపిల్లలది. బరువుని బట్టి బద్ద, రెండు కాళ్ళకీ ఒకే తీరు ఉండాలి. జత ఏదీ కుదరలేదు.

మాస్టారు చేతులు దులుపుకుని ఫోను తీశాడు.

"నేను చెబుతాను నాన్నా," అంది కూతురు.

"కాదు. నేనే చెప్పాలి." మేనేజరు ఫోనెత్తగానే ఆయన గొంతు పెద్దది చేశాడు. "నేనండీ, మిడత మాస్టార్ని. మా అమ్మాయి ఇవాళ దూకదు. బద్ద చెడిపోయింది. పిల్లకి ఒంట్లో బాగాలేకో, భయపడో కాదు. సామాను చూడాల్సింది నేను. నాకు చెవులు వినపడవు. రెండేళ్ళుగా వినపడవు. ఇంట్లో దాచాను. తప్పు పిల్లది కాదు, నాది."

అవతలి మనిషి ఏదో చెబుతున్నాడు. మాస్టారు ఫోను చెవికి నొక్కుకున్నాడు, ఆ చెవి నుంచి ఈ చెవికి మార్చాడు. తర్వాత భార్య చేతికిచ్చాడు. "ఏమంటున్నాడో విని చెప్పు. నాకు వినపడట్లేదు."

ఆవిడ విని పెట్టేసింది.

"ఇప్పటికి తీసుకోలేరట. మళ్ళీ ఎప్పుడు చూస్తారో చెప్పలేనన్నాడు."

"ఇంకోసారి చెప్పు."

ఆవిడ ఆయన ఎదురుగా కూర్చుని నిదానంగా, పెదవులు కనపడేట్టు మళ్ళీ చెప్పింది. ఆయన తలూపాడు. పిచ్చుక గోడకి జారిపోయి మోకాళ్ళలో తల దూర్చుకుంది. కుంటుకుంటూ వెళ్ళి ఆయన ఆ పిల్ల పక్కన చతికిలబడ్డాడు.

"నీ నోటి దగ్గరిది నేనే తీసేశాను. తిట్టవే. గట్టిగా తిట్టు, నాకు వినపడాలి."

తిట్టటానికే నోరు తెరిచింది పిచ్చుక. తండ్రి భుజంలో మొహం దాచుకుని వెక్కివెక్కి ఏడ్చింది. ఆ సన్నటి ఏడుపు ఆయన చెవిదాకా చేరలేదు. కానీ ఒక్కో వెక్కూ భుజాన్ని కుదుపుతుంటే ఒక్కటీ వదలకుండా పట్టుకుంటూ, కూతురి వీపు మీద చెయ్యి వేసి అలాగే కూర్చుండిపోయాడు.